ఓడి ఇంటికొచ్చిన మా మేనత్త

మా మేనత్త పోయింది. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, అత్త పిలిస్తె పలుకుతలేదు" అన్నాడు. నేను బీదర్ నుంచి మా ఊరు కమఠాణకు చేరేసరికి వాకిట్లో చాపలు పరిచి ఉన్నాయి, ఇంటినిండా జనం ఉన్నారు.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. మా అత్త మంచి చెప్పాలంటే ముందు ఆమె కొట్టిన దెబ్బల సంగతి చెప్పాలి. చూడటానికి వచ్చిన ఒక ముసలాయన తన ఎడమ చెవి నాకు చూపించి, "గిది మీ అత్త మెలేసిన చెవే బిడ్డా, ఇప్పటికీ సరిగ్గ వినపడది" అని భోరున ఏడ్చాడు. ఇంకొకాయన నెత్తి మీది పాత గాటు తడుముకుంటూ, "చెరుకుగడతోని కొట్టింది. గడ ఇరిగింది గని ఆమె కోపం ఇరగలే" అన్నాడు. ఇద్దరూ ఒకప్పటి పేకాటగాళ్లు. దెబ్బలు తిన్నవాళ్లు అంతలా ఏడుస్తుంటే, ఏనాడూ తిననివాళ్లు కొంచెం చిన్నబోయి కూర్చున్నారు.

అత్త పెనిమిటి, అంటే మా మామ, పత్తాల పిచ్చోడు. మా దిక్కు పేకముక్కలను పత్తాలంటారు. తోటలో ఆడినా, పాడుబడిన బావి గడ్డన ఆడినా, అత్త వాసన పట్టి వెళ్లేది. చేతికి ఏది దొరికితే దాంతో అందరినీ ఉతికేది. మామను కూడా వదిలేది కాదు. అయినా ఆయన మారలేదు. చివరికి ఆమె కొట్టి కొట్టి విసిగిపోయి, తనకే ఆట నేర్పమని ఆయన ముందు కూర్చుంది. "ఇంట్ల కడుపు నిండితె బయట ఎంగిలి ఎందుకు తింటడు?" అన్నది ఆమె లెక్క. నేర్చుకుని ఆయన్నే ఓడించసాగింది. కొన్నాళ్లు మామ నిజంగానే ఇంటిపట్టున ఉన్నాడు.

తర్వాత చిట్గుప్ప జాతరకు పోయాడు. ఆ రోజు ఆయనకు పట్టిందల్లా బంగారమైంది. ఆడిన ప్రతి ఆటా గెలిచాడు. ఓడినవాళ్లు దారిలో చెరుకుతోట పక్కన కాపుగాసి, మోసం చేశావంటూ కట్టెలతో, రాళ్లతో కొట్టారు. ఎడ్లబండిలో ఆయన తల ఒడిలో పెట్టుకుని అత్తే ఇంటికి తెచ్చింది. ఆ సాయంత్రానికి పోయాడు. బండి పలకల్లో ఇంకిన నెత్తురు ఎంత కడిగినా పోలేదట. ఆ పలకలు ఊడబీకి అత్తే గొడ్డలితో చీల్చి పొయ్యిలో పెట్టింది.

"ఆయన మోసం చెయ్యలే. గెలిచిండు, గంతే" అనేది ఎప్పుడు ఆ మాట వచ్చినా. ఆ వెంటనే ఇంకొక మాట అనేది: "ఓడినోడు ఇంటికొస్తడు బిడ్డా. గెలిచినోడు మల్ల పోతడు." మేము చిన్నవాళ్లం. కడుపు మండిన మనిషి మాట అనుకున్నాం.

మామ పోయాక ఆమె మా ఇంటికి వచ్చేసింది. అమ్మానాన్నలు శేను పనిలో ఉంటే నన్నూ తమ్ముణ్ణీ సాకింది అత్తే. ఎండాకాలం మధ్యాహ్నాలు చింతగింజలు పందెం పెట్టి మాకు పదమూడు ముక్కలాట నేర్పింది. ఎదుటివాళ్ల ముక్కల్లోకి తొంగిచూస్తే గంటెతో వేళ్ల కణుపుల మీద ఒక్కటిచ్చేది. "ఇంట్ల ఆడుర్రి, గడప దాటితె మాత్రం నడుములిరగ్గొడత" అనేది. మామ విషయంలో పనిచెయ్యని మందే మాకూ పోసింది పాపం. వేరే మందు ఆమెకు తెలియదు.

హైదరాబాదు చుట్టూ భూములకు రెక్కలొచ్చిన రోజుల్లో తమ్ముడు బీదర్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఒక పాత కంప్యూటర్ కొని ఇంటికి తెచ్చాడు. దాంతోపాటే దోస్తు దగ్గర ఒక జపాన్ బొమ్మల కథ తెచ్చాడు. అందులో మనుషులు చిన్న చిన్న బిళ్లలతో ఏదో జూదం ఆడతారు. ఆ ఆట పేరు మాజాంగ్ అని తమ్ముడు చెప్పాడు. ఆటంటే మామూలు ఆట కాదు, ఓడితే ప్రాణం మీదికి వచ్చే ఆట. చెమటలు, వణికే చేతులు, కత్తులు. అత్త పప్పు ఏరుకుంటూ వచ్చి కూర్చుంది. మళ్లీ కదిలితే ఒట్టు.

ఆ బిళ్లలను ఆమె సబ్బు బిళ్లలనేది. కర్రల బిళ్ల, గుండ్రాల బిళ్ల, పిట్ట బిళ్ల అని పేర్లు పెట్టేసింది. అది మన రమ్మీయే, జపానోళ్లకు కాగితం కరువై బిళ్లలు చేసుకున్నారని ఆమె నమ్మకం. మాకూ అంతకన్నా ఏమీ తెలియదు కాబట్టి ఒప్పుకున్నాం. తమ్ముడు కింద వచ్చే ఇంగ్లీషు చదివి చెప్పబోతే, "నువ్వు నోర్ముయ్. వాని మొకం చూస్తె తెలుస్తలేదా, దొంగ నాకొడుకు" అనేది.

కథలో ఒక కుర్రాడు. ఒక్కడే పోయి పెద్ద పెద్ద రౌడీలను ఓడిస్తుంటాడు. వాడు గెలిచిన ప్రతిసారీ తమ్ముడు ఈలవేసి చప్పట్లు కొట్టేవాడు. అత్త మాత్రం నుదురు కొట్టుకుని, "అయ్యో, మల్ల గెలిచె! ఈనికెవ్వలు లేరా, రెక్క పట్టి ఇంటికి గుంజుకపోనీకె?" అనేది. మేము పడీ పడీ నవ్వేవాళ్లం.

చదువు అయ్యాక తమ్ముడికి ఉద్యోగం రాలేదు. హైదరాబాదు నుంచి తెల్ల కార్లలో భూముల కోసం వచ్చేవాళ్లకు దారి చూపిస్తూ తిరగసాగాడు. వాళ్లలో ఒకాయనతో బాగా కలిసిపోయాడు. నేను ఆయన్ను భూములాయన అనే అంటాను, పేరు ఎత్తడం నాకిష్టం లేదు. బీదర్ పక్కన కొల్హార్‌లో మూతపడ్డ ఒక కార్ఖానా షెడ్డును కిరాయికి తీసుకుని అందులో పేకాట నడిపేవాడు. డబ్బు పెట్టి ఆడితే ఆయనకు ఆవలింతలు వచ్చేవట. అంత డబ్బు చూశాడు మరి. మా తెలివిగల తమ్ముడు ఆయన మెప్పు కోసం ఆ జపాన్ కథ చెప్పాడు. పెట్టి చూపించాడు కూడా. భూములాయన ఆసాంతం చూసి, "గిట్ల ఆడాలె భయ్, గిదీ ఆటంటే" అన్నాడు.

అప్పటినుంచి ఆ షెడ్డులో పందేలు మారిపోయాయి. చిట్గుప్ప పిల్లగాడొకడు ఓడిపోతే పట్కారుతో ముందుపన్ను పీకారు. ఇంకొకడి వీపు మీద కాల్చిన ఇనుపచువ్వ పెట్టారు. బలవంతమేమీ లేదు, ఎవరి నోటితో వాళ్లు ఒప్పుకున్న పందెమే. గెలిస్తే ఇచ్చేది కూడా అంతే భారీగా ఉండేది. మా తమ్ముడు మొదటి ఆటలోనే గెలిచి, కొత్త మోటార్‌సైకిల్ మీద ఇంటికి వచ్చాడు.

అమ్మ హారతి పళ్లెం కోసం లోపలికి పోయింది. ఎట్లా వచ్చిందిరా అని అత్త అడిగింది. "గెలిచిన అత్తా!" అన్నాడు వాడు, ముఖమంతా వెలుగుతో. అంతే, ఆమె గోడ పక్కనున్న బండరాయి రెండు చేతులా ఎత్తి బండి దీపం మీద వేసింది. అద్దం పగిలి వాకిలంతా పడింది. ఇంకో దెబ్బకు ట్యాంకు సొట్టపోయింది. "గెలిచిండమ్మా! వీడు గెలిచిండు! మా ఇల్లు మునిగిందమ్మా!" అని చావింట్లో ఏడ్చినట్టు గుండెలు బాదుకుంది. తమ్ముడు ఆమెను తోసేశాడు. ఆమె వాడి చెంప పగలగొట్టింది. వాడు బట్టలు సర్దుకుని బీదర్‌లో గది తీసుకున్నాడు.

అప్పటికి నాకు పెళ్లయి బీదర్‌లోనే ఉంటున్నాను. వాణ్ణి బతిమాలో బెదిరించో ఇంటికి తీసుకుపోదామని అత్త మా ఇంటికి వచ్చింది. ఆ మర్నాడు పొద్దున వాడి ఫోన్ వచ్చింది. "అక్కా, అత్త నీ దగ్గర్నే ఉందంట గదా. కొల్హార్‌కు తోల్కరా. జల్ది రా అక్కా. నా వేళ్లు..." అని ఏడుస్తున్నాడు. వాడు ఓడిపోయాడు. కుడిచేతి రెండు వేళ్లు పందెం. సమ్మెటతో నలగ్గొడతారట.

మా దిక్కు పత్తాలాటలో పాత పద్ధతి ఒకటుంది. దాన్ని బదులు చెయ్యి అంటారు. ఓడినవాడు తన ఇంటిమనిషిని ఒకే ఒక్క ఆటకు తన బదులు కూర్చోబెట్టవచ్చు. ఆ మనిషి గెలిస్తే పందెం రద్దు. ఓడితే పందెం ఇక ఆ మనిషిది, మొదటివాడు బయటపడతాడు. ఇంటిమనిషిని అట్లా బలిపెట్టడం ఇజ్జత్ తక్కువ పని కాబట్టి ఎవరూ అడగరు. మా తమ్ముడు అడిగాడు. అత్తను ఓడించేవాడు ఈ భూమ్మీద లేడని వాడి ధైర్యం. నా ధైర్యమూ అదే.

షిఫ్టుకు పోయే కూలీల మధ్య ఇరుక్కుని ఆటోలో వెళ్లాం. అత్త కొప్పు విప్పి గట్టిగా ముడేసుకుంది. షెడ్డులో తమ్ముణ్ణి ఇనుప బల్ల ముందు కూర్చోబెట్టి ఇద్దరు భుజాలు అదిమి పట్టుకున్నారు. పెదవి చిట్లి ఉంది, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. బల్ల మీద సమ్మెట. అత్త తిన్నగా వాడి దగ్గరికి పోయి లాగి ఒక్కటి కొట్టింది. చిట్లిన పెదవి మళ్లీ నెత్తురు కక్కింది. తర్వాత చీర కుచ్చిళ్లు సర్దుకుని భూములాయన ఎదురుగా కూర్చుంది.

"పెద్దమ్మా, మీవోడు జబాన్ ఇచ్చిండు. నేనేం జబర్దస్తీ చెయ్యలే" అన్నాడాయన చాలా మర్యాదగా.

"ఎరికె. బదులు చెయ్యి నాది. పంచు."

"ఆడొస్తదా పెద్దమ్మా?"

"పంచురా."

నేను ఆమె వెనుక కూర్చున్నాను. ముక్కలన్నీ నాకు కనిపిస్తున్నాయి. ఆమె ఆట చూసి చాలా రోజులైంది. అదే తీరు, ముక్కలు ఒకసారి సర్దుకుని మళ్లీ చూసుకోదు, ఎదుటివాడి ముఖమే చూస్తుంది. చూస్తుండగానే అన్నీ కలిశాయి. ఆటీను పది, జాకీ, రాజు చేతిలో ఉన్నాయి. నడుమ రాణి ఒక్కటి వస్తే ఆట అయిపోయినట్టే. అత్త పేకలోంచి ముక్క లాగింది. ఆటీను రాణి.

తమ్ముడి వేళ్లు దక్కాయి, అత్త వేళ్లు దక్కాయి. దేవుడికి మొక్కులు కూడా మొక్కేసుకున్నాను. అత్త ఆ రాణిని ఒక్క క్షణం చేతిలో ఉంచుకుంది. తలెత్తి తమ్ముడి వైపు చూసింది. తర్వాత రాణిని కింద పడేసింది.

పొరపాటేమోనని వీపు మీద గిచ్చాను. ఆమె తిరిగి చూడలేదు. భూములాయన చేతిలో రెండు రాణులు ఉన్నట్టున్నాయి, గబుక్కున ఆ ముక్క ఎత్తుకుని ఆట తిప్పేసి గెలిచాడు. అత్త తన ముక్కలు పోగేసి పేకలో కలిపేసింది.

భూములాయన గట్టిగా నవ్వాడు. "పో పెద్దమ్మా. నీ మీద చెయ్యేసేటంత కమీనాగాణ్ణి గాను. పందెం మాఫీ" అన్నాడు. భుజాలు పట్టుకున్నవాళ్లు వదిలేశారు. తమ్ముడు ఆయన కాళ్ల మీద పడ్డాడు. లేచిన ముఖంలో కన్నీళ్లున్నాయి, వాటి వెనుక మోటార్‌సైకిల్ తెచ్చిననాటి వెలుగే ఉంది. "అన్నా, నీ అసాన్ ఉంచుకోను, బాకీ ఉండను. రేపే వస్త. మల్ల ఆడి తీర్సుకుంట" అన్నాడు.

ఆ మాట అత్త విన్నది.

"మాఫీ ఎవనిక్కావాలె?" అంది. గొంతు పెంచలేదు. "పందెం కట్టినం. ఓడినం." ఎడమచేత్తో సమ్మెట అందుకుంది. కుడిచేయి ఇనుప బల్ల మీద పరిచింది. "ఒరేయ్, కండ్లు మూసుకోకు. సూడు" అని తమ్ముడితో చెప్పి, నడిమి వేలి మీద కొట్టింది. పచ్చికట్టె విరిగినట్టు చప్పుడైంది. రెండో దెబ్బ ఉంగరపు వేలి మీద. నెత్తురు భూములాయన తెల్లచొక్కా మీద చిందింది. ఆయన గోడకు జారగిలబడి, "అరె పాగల్ ముసల్ది, పాగల్ ముసల్ది" అంటూ వాంతి చేసుకున్నాడు. ఆయన మనుషులు బయటికి పరిగెత్తారు. తమ్ముడు అరిచిన అరుపు ఇప్పటికీ నాకు నిద్రలో వినిపిస్తుంది. అత్త మాత్రం అరవలేదు. పెదవి కొరుక్కున్న చోట నెత్తురు కారుతుంటే, "పందెం తీరింది. లెవ్వు, ఇంటికి పోదాం" అంది వాడితో.

ఆసుపత్రిలో రోకలి కింద చేయి పడిందని చెప్పింది. కట్టు కట్టాక, తమ్ముడు మందులు తేవడానికి పోయినప్పుడు అడిగాను.

"అత్తా, రాణి వచ్చింది గదా. ఆట అయింది గదా."

"అయితే?"

"గెలిస్తె ఏ పీడ ఉండకపోవు గదనే!"

"గెలిస్తె వాడు రేపు నన్ను చూస్కోని మల్ల కూసుంటుండె. అత్తుంది గదా అని ఈసారి మెడకాయ పందెం కడుతుండె. మీ మామను గెలుపే తిన్నది. వీన్నన్న ఓటమి ఉంచనీ." కట్టు వైపు చూసుకుని, "నేర్పింది నేనే గద బిడ్డా. జుర్మానా కట్టిన అనుకో. వానికి చెప్పకు" అంది.

నేను చెప్పలేదు. అత్త ఆ రెండు వేళ్లు మళ్లీ తెరుచుకోలేదు, అరచేతిలోకి ముడుచుకునే ఉండిపోయాయి. ఆ చేత్తోనే అన్నం తినేది. సగం మెతుకులు పళ్లెంలో పడేవి. స్పూను ఇస్తే విసిరికొట్టింది. తమ్ముడు పక్కన కూర్చోబోతే, "ఈడ కాదు. ఎదురుంగ కూసో" అనేది. ప్రతి పూటా వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ చేత్తో తినడమే ఆమె వేసిన శిక్ష. ఇంత కఠినం ఎవరికీ ఉండకూడదని అప్పట్లో నేను ఆమెను మనసులో తిట్టుకున్నాను. కానీ వాడు మళ్లీ పత్తా ముట్టలేదు. అదే కొల్హార్‌లో ఒక లేత్ మిషన్ మీద పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇనుమును దారంలా తీస్తాడు. పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఆ పిల్లలు మా అత్త చేతి మొట్టికాయలు తినే పెరిగారు.

ఈమధ్య మతిమరుపు వచ్చాక ఉన్నట్టుండి ఆ జపాన్ కథ అడిగేది. "ఆ సబ్బుబిళ్లల పోరడు ఏమైండురా? ఇంక గెలుస్తనే ఉన్నడా?" "లేదత్తా, ఓడిండు. ఇంటికి పోయిండు" అనేవాడు తమ్ముడు. "మంచిగైంది. వాళ్లవ్వ కడుపు సల్లగుండ" అని కండ్లు మూసుకునేది. అడిగిన ప్రతిసారీ వాడు ఓపిగ్గా అదే చెప్పేవాడు.

ఆమె పోయిన రోజు దూరపు చుట్టాల కోసం ఎదురుచూస్తుండగా, శామియానా కింద మగవాళ్లు పొద్దుపోక పత్తాలు తీశారు. చావింట్లో అది మా దిక్కు కొత్తేమీ కాదు. "ఒక చెయ్యి తక్కువుంది, రావోయ్" అని తమ్ముణ్ణి పిలిచారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ చాప కొస పట్టి ఒక్క గుంజు గుంజాను. పత్తాలన్నీ గాలికి లేచి వాకిలంతా పడ్డాయి. చెవి పోయిన ముసలాయన "అచ్చం అత్తే" అన్నాడు.

తమ్ముడు నా వెనకే ఇంట్లోకి వచ్చి, "అక్కా, అత్త ఓడలే. నాకు తెల్సు" అన్నాడు.

నేను వాడి వైపు తిరిగాను.

"పడేసేటప్పుడు రాణిని సూసిన. పత్తాలు పేకల కలుపుతుంటె పది, జాకీ, రాజు సూసిన."

"ఎన్నడన్న అడిగినవారా?"

"రోజూ ఎదురుంగ కూసోని తిన్న గదక్కా. ఇంకేమడగాలె?"

మా వాళ్లలో ఆడవాళ్లం కూడా కాటికి పోతాం. అత్తకు పిల్లలు లేరు, తలకొరివి తమ్ముడే పట్టాడు. గాలి ఎదురుగా ఉంది, మంట చేతి మీదికి మళ్లుతోంది. వాడు ఆగి, నీళ్ల కుండలో తువ్వాల ముంచి, కుడిచేతి వేళ్లకు ఒక్కొక్కదానికీ తడి తగిలేలా జాగ్రత్తగా చుట్టుకోసాగాడు. పక్కనున్న పెద్దమనిషికి అది నచ్చలేదు. "కన్నతల్లి లెక్క సాకింది, ఆమె కోసం జెర్ర చెయ్యి కాలితె ఏమైతదిరా?" అని కసిరాడు.

"కాలనియ్యను మామా" అన్నాడు తమ్ముడు. "ఇవి అత్తయి."

నిప్పు పెట్టాడు. చితి అంటుకున్నాక అందరూ వెనక్కి జరిగారు. వాడు మాత్రం అక్కడే నిలబడి, తడి తువ్వాల చుట్టిన ఆ కుడిచేతిని, ఎడమచేత్తో చంటిపిల్లను పట్టుకున్నట్టు గుండెకు పట్టుకుని, మంట వైపు కన్నార్పకుండా చూస్తున్నాడు.